బల్బు ఆరితే నవ్వే మాస్టారు

"గోనె తీశావా?"

"తీశానండి."

"అబద్ధం. తియ్యి."

"పెడన ఊళ్లోకి వెళ్లగానే తీసేస్తానండి."

"ఊళ్లోకి వెళ్లాక కాదు, ఇప్పుడు. ఫోన్ పెట్టేస్తున్నా."

మాస్టారికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. అందులో ఒక దండం లేదు, ఒక మంచీ చెడూ లేదు. గోనెసంచి గురించి దెబ్బలాట. ఆయన ఫోన్ పెట్టేశారు. నేను గోనె తియ్యలేదు. ఎండ మాడిపోతోంది, సీటు కింద పెట్టె చెయ్యి పెట్టనివ్వడం లేదు, నా తెలివి నాది.

మూడోనాడు మధ్యాహ్నం భోంచేసి కొట్లో కుర్చీలోనే కునుకు తీసిన మనిషి మళ్లీ లేవలేదు. గుడివాడ నుంచి ఒక ఆటో అతను ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను చల్లపల్లిలో రొయ్యలు తూస్తున్నాను. కాటా అలాగే పట్టుకుని నిలబడిపోయాను. కొనే ఆవిడ "ఏంటమ్మా, తూకం ఇంకా తేలలేదా" అంటోంది. రొయ్యలు ఆవిడ సంచిలో పోసి, బండి దగ్గరికి వెళ్లి, వెనక సీటు ఎత్తి, పెట్టె మీద పరిచిన తడిగోనె లాగి కాలవగట్టు మీదికి విసిరేశాను. అప్పుడు ఏడ్చాను.

పెద్దకర్మ రోజున టీచరమ్మగారు, అంటే మాస్టారి భార్య, వచ్చిన వాళ్లందరికీ ఒక మాట చెప్పారు. "ఆయన గురించి మీకు గుర్తున్నది ఒక కాయితం మీద రాసి ఇవ్వండి. ఎక్కడ పుట్టారో ఏం చదివారో నాకు తెలుసు, అది వద్దు. కొట్లో ఎలా ఉండేవారో నాకు తెలీదు. అది రాయండి." ఆటోవాళ్లంతా తలలూపారు. నేనూ ఊపాను. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చు, అంతకు మించి రాదు. అందుకని మా అన్నయ్య కూతురు దుర్గని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. గుడ్లవల్లేరులో కంప్యూటర్ల చదువు చదువుతోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. సొంత తెలివి కలిపితే నాకు తెలిసిపోతుంది.

మాస్టారు ఎక్కడా పాఠం చెప్పిన మనిషి కాదు. పూర్వం రేడియోలు బాగుచేశారు. రేడియోలు పోయాక టీవీలు చేశారు. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేసి కొత్తవి కొనుక్కోవడం మొదలుపెట్టాక, బ్యాటరీ ఆటోలు వచ్చాయి. ఆ ఆటోలకి సీటు కింద ఒక రేకు పెట్టె ఉంటుంది. మోటారుని నడిపేది అదే. అది పోతే ఎవరైనా "కొత్తది వెయ్యాలి" అంటారు గాని మూత తియ్యరు. జిల్లా మొత్తంలో మూత తీసేది ఈయన ఒక్కరేనని ఆటోవాళ్లు అనేవారు. అందుకే మాస్టారు అయ్యారు.

కొట్టు గుడివాడ బస్టాండు వెనక సందులో, టైలరు షాపుకీ పిండిమరకీ మధ్యన. పిండిమర ఆడుతున్నప్పుడు మాస్టారు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు, వేలితోనే చెప్పేవారు. కళ్లద్దాలు రెండు జతలు, ఒకదాని మీద ఒకటి. కింది జత దూరానికి, పై జత దగ్గరికి అనేవారు. నడి సందులో కూడా రెండూ పెట్టుకునే నడిచేవారు. ఒకసారి కుక్క తోక తొక్కి కుక్కకి సారీ చెప్పారు.

విప్పిన బోల్టులు ఇడ్లీ ప్లేటులో వేసేవారు. నాలుగు గుంటలు, నాలుగు బళ్ల బోల్టులు. కలవకూడదు. పెద్దకర్మ రోజున టీచరమ్మగారు కొట్టు తెరిపించి ఆ ప్లేటు చూసి, "పదేళ్లుగా మా ఇంట్లో ఒక ప్లేటు తక్కువ" అన్నారు. ఆ పూట ఆవిడ నవ్వడం అదొక్కసారే.

ఇంకొకటి ఆ బల్బు. ఎవరి పెట్టె బాగుచేసినా మాస్టారు దాన్ని నేరుగా బ్యాటరీకి తగిలించేవారు కాదు. మధ్యలో ఒక పాత గుండు బల్బు పెట్టేవారు. పెట్టెలో తప్పు మిగిలి ఉంటే కరెంటంతా ఒక్కసారిగా దూకబోతుంది. అప్పుడు బల్బు ఎర్రగా వెలుగుతూ దాన్ని ఆపి ఉంచుతుంది. తప్పేమీ లేకపోతే బల్బు ఒక్కసారి కన్ను తెరిచి మూసుకుంటుంది, అంతే. ఊళ్లో అందరూ దీపం వెలిగితే సంతోషిస్తారు. ఆ కొట్లో బల్బు ఆరితే మాస్టారు నవ్వేవారు. రోజంతటిలో ఆయన నవ్వు చూడాలంటే అప్పుడే చూడాలి.

బల్బు తగిలించే ముందు "ఆగు" అనేవారు. ఎవరినన్నట్టూ కాదు. టీ గ్లాసు ఎత్తి ఒక్క గుక్క తాగేవారు. దించేవారు. అప్పుడు తగిలించేవారు. టీ లేకపోతే ఖాళీ గ్లాసైనా ఎత్తేవారు.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన సంగతి అర్థం కాదు. మాది బందరు, రేవు దగ్గర. మా ఆయన బ్యాటరీ ఆటో కొన్న ఏడాదికే గుండె ఆగి పోయారు. ముప్పై ఏళ్లు చేపల గంప నెత్తిన మోసిన మెడ నాది. ఆ బండి ఇంటి ముందు నిలబడి ఉంటే మళ్లీ గంప ఎత్తుకోబుద్ధి కాలేదు. మంగినపూడి రోడ్డు మీద పొద్దున్నే వెళ్లి నేర్చుకున్నాను. మా మరిది పక్కన కూర్చుని కమ్మీ పట్టుకున్న పట్టు వదలకుండా "వదినా మెల్లగా, వదినా గేదె" అంటూ ఉండేవాడు. వారానికి మూడు రోజులు పెడన మీదుగా గుడివాడ, మూడు రోజులు చల్లపల్లి మోపిదేవి వైపు. రేవులో చేప కొనడం, బండిలో ఐసు వేసి ఊళ్లమ్మట అమ్మడం.

మరిదికి ఇది నచ్చలేదు. "అమ్మేద్దాం వదినా, ఇంటిపట్టున కూర్చో, మేం చూసుకోమా" అనేవాడు. వాడి మనసు మంచిదే, అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి పంపేదాన్ని. బండి మొదటిసారి ఆగిపోయి పెట్టె మార్చాల్సి వచ్చినప్పుడు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. మూడోసారి పాడైతే అమ్మేయడమే. నేను సరేనన్నాను. బండి పోతే నేను అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లని చూసే మనిషినవుతానని నాకు తెలుసు. అయినా మాట ఇచ్చాను.

రెండోసారి ఆగింది గుడివాడ మార్కెట్టు నడుమ. కూరగాయల ఆయన ఒకరు మాస్టారి సందు చూపించారు. మనిషిని పెట్టి తోయించుకుంటూ తీసుకెళ్లాను. మాస్టారు బయటికొచ్చి నా మొహం చూడలేదు, బండి మొహం చూశారు.

"తొయ్యి," అన్నారు.

"ఇప్పటిదాకా తోసే తెచ్చామండి."

"మళ్లీ తొయ్యి. తేలిగ్గా ఉందా, ఎవరో వెనక్కి పట్టుకున్నట్టుందా?"

"పట్టుకున్నట్టే ఉందండి. మా మరిది వెనక కూర్చున్నట్టుంది."

ఆయన సీటు ఎత్తి, పెట్టె నుంచి మోటారుకి వెళ్లే మూడు లావు తీగలు ఊడదీశారు. "ఇప్పుడు తొయ్యి."

బండి సాఫీగా జారింది.

"మీ మరిది దిగిపోయాడు," అన్నారు. "తప్పు మోటారుది కాదు, పెట్టెది. లోపల కరెంటుకి తలుపులుంటాయి, అవి కాలి అతుక్కుపోతే చక్రం బిగుసుకుంటుంది."

పెట్టె మూత విప్పి ముందు వాసన చూశారు. అది ఆయన పద్ధతి, కంటికన్నా ముక్కు ముందు. మామూలుగా కాలిన వాసన వస్తుందట. ఈసారి మొహం అదోలా పెట్టారు.

"అమ్మాయ్, ఇది పండుగప్ప."

నాకు యాభై దగ్గర పడుతున్నా ఆయనకి అమ్మాయినే. చిమటాతో పెట్టెలోంచి ఒక చేప పొలుసు తీసి పై కళ్లద్దాల ముందు పెట్టుకున్నారు. "ఇది ఎక్కడ ఎక్కింది బండి?"

చెప్పక తప్పలేదు. పెట్టె వేడెక్కుతోందని ఐసునీళ్లలో తడిపిన గోనె దాని మీద పరిచేదాన్ని. చేపల మీద పరుస్తాం కదా, దీని మీదెందుకు పరవకూడదు అనుకున్నాను. ఎండిపోతే మళ్లీ తడిపేదాన్ని.

"చేప చచ్చింది కాబట్టి దానికి ఐసు కావాలి," అన్నారు మాస్టారు. "ఇది బతికుంది. దీనికి గాలి కావాలి."

బండి బ్యాటరీ అక్కడే చార్జింగుకి పెట్టాను. తిరిగి బందరు రావాలంటే రెండు మూడు గంటలు ఎక్కాల్సిందే. ఆ తర్వాత గుడివాడ వచ్చిన ప్రతిసారీ అక్కడే పెట్టుకునేదాన్ని, అందుకే ఆయన కొట్లో అంతసేపు కూర్చున్న మనిషిని నేను. ఆ మొదటిరోజు ఊరికే కూర్చోలేక అడిగాను. "అసలు ఇందులో ఏముందండి?" అంతకుముందు ఇద్దరు ముగ్గుర్ని అడిగితే నీకెందుకన్నారు. ఈయన చేతిలో పని దించారు.

"లాకు ఎప్పుడైనా చూశావా?"

"చూడకపోవడమేంటండి. మా అమ్మమ్మ ఊరు కాలవ లాకుల పక్కనే. ఎగువ నీళ్లలోంచి దిగువ నీళ్లలోకి పడవలు దిగేవి."

"ఎలా దిగేవి? నాకు తెలీదనుకుని చెప్పు."

"పై తలుపులు తీస్తారండి. పడవ మధ్య తొట్టిలోకి వస్తుంది. పై తలుపులు మూస్తారు. ఆగుతారు. నీళ్లు దిగాక కింది తలుపులు తీస్తారు. పడవ వెళ్లిపోతుంది."

"రెండూ ఒకేసారి తీస్తే?"

"ఇంకేముందండి. కాలవంతా ఒక్కసారి దూకుతుంది. పడవా పోతుంది, తలుపులూ పోతాయి. తలుపుల చక్రాలు తిప్పే లస్కరు ఒకడు ఉండేవాడు, పైది పూర్తిగా మూసుకోకముందే కింది చక్రం మీద చెయ్యి వేసేవాడు. మా అమ్మమ్మ గట్టు మీంచి వాడి ఏడు తరాలూ తిట్టేది."

మాస్టారు బల్ల మీద అరచేత్తో ఒకటి కొట్టారు. "సగం నువ్వే చెప్పేశావు. ఇటు రా."

పెట్టెలో పచ్చ పలక మీద వేలు పెట్టి చూపించారు. నాకు గుర్తున్నట్టే చెబుతాను, దుర్గ నవ్వినా సరే.

ఇందులో మూడు లాకులున్నాయి. ఒక్కో లాకుకి పై తలుపు ఒకటి, కింది తలుపు ఒకటి, మొత్తం ఆరు. నీళ్లకి బదులు కరెంటు. ఒక్కో లాకు నుంచి ఒక లావు తీగ మోటారులోకి వెళ్తుంది. ఎప్పుడు చూసినా ఒక తీగలోంచి కరెంటు లోపలికి పోతుంది, ఇంకో తీగలోంచి బయటికి వస్తుంది, మూడోది ఊరుకుంటుంది. ఆ వంతులు మారుస్తూ పోతే మోటారులో ఉన్న అయస్కాంతాలు వాటి వెంట పరిగెత్తుతాయి. చక్రం తిరగడమంటే అదే.

"మార్చేదెవరండి?"

"ఈ నల్లది మెదడు. మోటారులో మూడు చిన్న కళ్లున్నాయి. అయస్కాంతం ఇప్పుడు ఎక్కడుందో అవి దీనికి చెబుతాయి. ఇది విని, ఫలానా తలుపు తెరవండి అంటుంది. కానీ దీని గొంతు చాలా చిన్నది. ఆఫీసులో కూర్చున్న ఇంజనీరుగారి లాంటిది. ఆయన కుర్చీలోంచి తెరవమంటే తలుపు తెరుచుకుంటుందా?"

"లస్కరు ఉండాలండి."

"అదీ. ఇదిగో వీడే లస్కరు." మెదడుకీ తలుపులకీ మధ్యలో ఉన్న చిన్న ముక్కని చూపించారు. "డ్రైవర్ చిప్పు అంటారు. లాకుకొకడు. ఆఫీసు నుంచి చిన్న మాట వస్తుంది, వీడు ఒంటి బలమంతా వేసి చక్రం తిప్పుతాడు. సగం తిప్పి వదలడు. సగం తెరిచిన తలుపే కాలిపోయేది. తన బలం తగ్గిందనుకో, అసలు చక్రం ముట్టుకోడు."

"మంచివాడండి."

"ఇంకా విను. పై తలుపు తెరవడం కష్టం. దాన్ని తెరవాలంటే బ్యాటరీకన్నా ఎత్తు ఎక్కాలి. అందుకని పక్కన ఒక చిన్న బిందె పెట్టుకుంటాడు. కింది తలుపు తెరిచి ఉన్నప్పుడు దాన్ని నింపుకుంటాడు. పైకి ఎక్కేటప్పుడు ఆ బిందె సాయంతో ఎక్కుతాడు. బిందె ఖాళీ అయితే మళ్లీ కిందికి రావాలి."

"నీళ్లు మోసే మనిషే అయితే."

"మోస్తాడు, ఆగుతాడు. వాడి గొప్ప అదే. ఒక తలుపు మూశాక రెండోది తెరిచే ముందు ఆగుతాడు. నువ్వు రెప్పవేసే లోపల లక్షసార్లు ఆగొచ్చు, అంత చిన్న ఆగడం. అది లేకపోతే పెట్టె బూడిద. నీ ఐసునీళ్లు వీడి కాళ్ల మధ్యకి చేరాయి. మూయమన్నదీ తెరవమన్నదీ కలిసిపోయాయి. రెండు తలుపులూ ఒకేసారి తీసేశాడు, పాపం."

నేను కాళ్ల దగ్గర ఉన్న గోనెని మెల్లగా వెనక్కి తన్నాను. ఆయన కాలిపోయిన ముక్కని నా అరచేతిలో పెట్టారు. వేలిగోరంత ఉంది, అటు నాలుగు కాళ్లు, ఇటు నాలుగు.

"డెక్కలు తీసేసిన పీతండి ఇది," అన్నాను.

ఆ రోజు నుంచి ఆయనకీ అది పీతే. ఆటోవాళ్లు పెట్టె తెచ్చి ఏం పోయిందండీ అని అడిగితే, "పీత పోయింది" అనేవారు. వాళ్లు నా వైపు అనుమానంగా చూసేవారు.

కాలిన తలుపులు రెండూ, పీతా, ఏవో పాత పలకల మీంచి తీసి వేశారు. "ఆగు" అన్నారు, గుక్క తాగారు, బల్బు ఒక్కసారి మెరిసి ఆరింది. అప్పుడు నవ్వారు. పై వరసలో ఒక పన్ను లేదు.

వానాకాలం వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. సీసం కరిగించే ఇనుము పట్టుకుంటే దాని మొన అక్కడక్కడే ఆడేది. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నేను చార్జింగుకి పెట్టి, కొట్టు ముందు కూర్చుని ఎవరికో రొయ్యలు వలిచి ఇస్తున్నాను. వెన్నులో నల్లనరం గోటితో పట్టి తెగకుండా లాగుతున్నాను. తలెత్తి చూస్తే ఆయన రెండు కళ్లద్దాల్లోంచి నా చేతులే చూస్తున్నారు.

"ఆ చేతులు కడుక్కుని ఇటు రా," అన్నారు.

"నాకు రాదండి."

"కాలిన పీతని రొయ్య నరం తీసినట్టే తియ్యి. ఒక్కో కాలు వేడిచేసి, సీసం పీల్చి, వదిలించు. తొందరపడితే పలక మీది రాగి తోలు ఊడొస్తుంది."

మొదటిరోజు రెండు వేళ్లు కాలాయి. రెండో వారానికి ఎనిమిది కాళ్లూ తోలు ఊడకుండా తీశాను. మెచ్చుకున్నారా అంటే, ఊఁ అన్నారు. ఆయన దగ్గర ఊఁ అంటే దండ వేసినట్టు. కొత్తది పెట్టేటప్పుడు వీపు మీద చుక్క ఎటుందో చూసుకోవడం, ఏ కాలికీ పక్క కాలు తగలకుండా చూసుకోవడం, అన్నీ అప్పుడే. చివరికి ఆయన కుర్చీలో కూర్చుని చూపుడువేలితో చూపించడం, నేను చెయ్యడం. ఆటోవాళ్లు మొదట్లో గొణిగారు, చేపలమ్మి చేత చేయిస్తున్నారేంటండీ అని. "ఆ వణికే చెయ్యి కావాలా, ఈ వణకని చెయ్యి కావాలా, చెప్పు," అన్నారు. తర్వాత ఎవరూ అడగలేదు.

టీచరమ్మగారూ, ఒక సంగతి మీకు తెలీదు. దుర్గ ఇది వద్దత్తా అంటోంది. రాయమన్నాను. కొట్లో ఎలా ఉండేవారో రాయమన్నది మీరే. మీ ఇంట్లో నీచు లేదు కదా. నేను వచ్చిన రోజున వేయించిన నెత్తళ్లు తెచ్చేదాన్ని. ఆయన టిఫిను మూతలో పెట్టుకుని, పిండిమర వైపు తిరిగి, కరకరా నమిలేవారు. తర్వాత లవంగం వేసుకుని ఇంటికి బయల్దేరేవారు. "ఆవిడకి తెలుసనుకుంటా, లవంగం ఎందుకని ఎప్పుడూ అడగలేదు," అనేవారు. తెలుసా అండి?

ఒకరోజు మనసు బాగోలేక అన్నాను. "మా ఆయన పోయిన నెలకే బండి తాళం చేతికి తీసుకున్నానని మా వాడలో అన్నారండి. మాస్టారూ, అంత తొందర తప్పేనా?"

ఆయన చాలాసేపు ఇడ్లీ ప్లేటులో బోల్టులు సర్దారు. "నెల ఆగావుగా," అన్నారు. "మన పీతకన్నా చాలా ఎక్కువ ఆగావు."

నవ్వొచ్చింది. ఎన్నో నెలలుగా మోస్తున్న బరువేదో ఆ మాట గుండెల మీంచి దించినట్టయింది. ఆయన దించిన సంగతి ఆయనకి తెలీదు, అప్పటికే ఇంకొకరి పెట్టె వాసన చూస్తున్నారు.

ఇంత చెప్పినా ఈ వేసవికి నేను మళ్లీ గోనె వేశాను. అడుగున ప్లాస్టిక్ కాయితం వేశాను కదా, ఏమవుతుంది అనుకున్నాను. గుడివాడ రోడ్డు మీద ఎండకి ఆ సీటు కింద ఎక్కే వేడి మీకు తెలీదు. ఆయన ప్రతి ఫోనుకీ అదే అడిగేవారు. చివరి ఫోనుకీ అదే అడిగారు.

పెద్దకర్మ అయిన వారానికి, మోపిదేవి దాటాక బండి ఆగిపోయింది. ముందుకి పోదు, గుర్రుమంటూ నిలబడ్డచోటే వణుకుతుంది. వెనక ఐసులో సగం సరుకు. నేనేం చేశానంటే ఫోన్ తీసి మాస్టారి నంబరు నొక్కాను. చెయ్యి దానంతటది నొక్కేసింది. రెండు రింగులయ్యాక గుర్తొచ్చింది, పెట్టేద్దామనుకునే లోపల టీచరమ్మగారు ఎత్తారు.

"ఎవరమ్మా?"

"నేనండి, చేపలమ్మాయిని. బండి ఆగిపోయిందండి."

ఆవిడ అడిగారు. "ఆయనైతే ఏమనేవారు?"

"తొయ్యి అనేవారండి."

"అయితే తొయ్యమ్మా."

తోశాను. తేలిగ్గా కదిలింది. అంటే తలుపులు అతుక్కోలేదు. ఒక లాకు దగ్గర లస్కరు పడిపోయి ఉంటాడు. అంతవరకూ నాకే తెలిసింది. అది తెలిసినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

మరిది తాడు, ఇంకో ఆటో తీసుకుని వచ్చాడు. సరుకు అందులో పంపేసి, నా బండిని ఇంటికి లాక్కొచ్చాం. ఇంటి ముందు దిగాక అన్నాడు. "మూడోసారి వదినా."

"లెక్క తెలుసు."

"బంటుమిల్లిలో ఒకాయన అడుగుతున్నాడు. రేపు పదింటికి చూడ్డానికి రమ్మంటాను. బండి ఆగి ఉన్నా తీసుకుంటాడు."

"రమ్మను. మాట ఇచ్చాను, కాదనను. కానీ పాడైంది అంటే బాగుపడనిది అని కదా. పదింటిదాకా చూడనీ."

మర్నాడు తెల్లవారగానే పెట్టె ఊడదీసి అరుగు మీద పెట్టుకున్నాను. పెద్దకర్మ రోజున కొట్లో నచ్చింది తీసుకోమని టీచరమ్మగారంటే నేను బల్బు తీసుకున్నాను, ఇనుమూ మీటరూ అంతకుముందే ఆయన ఇచ్చినవి. సిగరెట్టు పెట్టెలోని వెండికాయితంలో చుట్టిన మూడు పీతలూ ఆయన ఇచ్చినవే, "దగ్గర ఉంచుకో, తినకు" అని. మరిది టీ గ్లాసుతో ఎదురుగా కూర్చున్నాడు.

మూత తీసి వాసన చూశాను. కాలిన వాసన. చేప వాసన ఉందో లేదో నా ముక్కుకి తెలీదు. మధ్య పీత వీపు మీద పొక్కు లేచి ఉంది. కాళ్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అది తడి చేసిన పని. ఆయన తియ్యమన్న రోజున తీసి ఉంటే ఇది జరిగేది కాదేమో.

మీటరు పెట్టి ఆరు తలుపులూ చూశాను, బాగానే ఉన్నాయి. ఒక్కో కాలూ వేడిచేసి, పీల్చి, వదిలించాను. చుక్క చూసి కొత్తది పెట్టాను. బల్బు మధ్యలో తగిలించే ముందు "ఆగు" అన్నాను. మరిది తాగుతున్న గ్లాసు ఆపేశాడు. నా గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, తీగ తగిలించాను.

బల్బు ఎర్రగా వెలిగింది. వెలిగే ఉంది.

"వెలిగింది వదినా," అన్నాడు మరిది. వాడి మొహంలో నిజంగానే సంతోషం ఉంది, పాపం. "అయిపోయిందిగా."

"అయిపోయింది మరి," అని తీగ పీకేశాను.

పదింటికి ఇంకా టైముంది. నా కళ్లద్దాలతో ఎంత చూసినా ఏమీ కనబడలేదు. లోపలికి వెళ్లి బీరువాలోంచి మా ఆయన కళ్లద్దాలు తెచ్చాను. నావాటి మీద పెట్టుకున్నాను. రెండు జతల్లోంచి పలక ఇంతెత్తున లేచి కనబడింది. పీత మూడో కాలికీ నాలుగో కాలికీ మధ్య సీసం పోగు ఒకటి, రొయ్య మీసమంత సన్నంగా అతుక్కుని ఉంది. నా చేతి తప్పే. బల్బు లేకుండా తగిలించి ఉంటే తలుపులూ పోయేవి, బండీ బంటుమిల్లి పోయేది.

మీసం తీసేశాను. "ఆగు." గుక్క తాగాను. తగిలించాను.

బల్బు ఒక్కసారి కన్ను తెరిచి మూసుకుంది.

"అయ్యో, ఆరిపోయింది వదినా," అన్నాడు మరిది.

నేను నవ్వుతూనే ఉన్నాను. వాడికి నాకేదో అయిందనిపించి వీధిలోకి చూశాడు.

పదింటికి బంటుమిల్లి ఆయన వచ్చాడు. నేను చూడలేదు, తర్వాత చెప్పారు. ఆయన బండేదీ అని అడిగితే, మా మరిది అరుగు మీంచి లేచి, "బండి లేదండి. రేవుకి పనికెళ్లింది," అన్నాడట. వదిన తీసుకెళ్లింది అనలేదు. పనికెళ్లింది అన్నాడు. కాఫీ ఇచ్చి పంపాడట.

ఇప్పుడు నేను మంగళవారం గుడివాడ వెళ్తే పిండిమర ఆయన అరుగు మీద చార్జింగు పెట్టుకోనిస్తున్నాడు. ఇద్దరు ఆటోవాళ్లు పెట్టెలు పట్టుకొచ్చి పక్కన పెట్టి, నా మొహం చూడకుండా నిలబడ్డారు. వాసన చూసి ఇచ్చాను. ఒకడిది పీత, ఒకడిది వైరు.

టీచరమ్మగారూ, ఇంకేం లేదండి. గోనె తీశాను. ఈసారి నిజం. కావాలంటే వచ్చి సీటు ఎత్తి చూసుకోండి.

దుర్గా, అంతే. ఇక మొదట్నించి చదివి వినిపించు. పరీక్షలో చదివినట్టు గబగబా చదవకు. ఆ టీ గ్లాసు ఇలా ఇవ్వు. మాస్టారు "ఆగు" అన్నచోట నువ్వూ ఆగు, నేను ఒక గుక్క తాగుతాను. అప్పుడు చదువు.